ఆ గొంతు ఎవరిదో అడిగారా?

సినిమా చూసేది మగవాళ్ళయితే, వినేది మనం. అవునా, కాదా? ముందుగదిలో టీవీ మోగుతూ ఉంటుంది, మనం వంటింట్లో పోపు వేస్తూ ఉంటాం. బొమ్మ కనపడదు, మాటలు మాత్రం వినపడతాయి. అలా వినగా వినగా నాకో సంగతి తెలిసింది. పోయిన వారం ఒక హీరోయిన్ ఏడ్చిన ఏడుపే ఈ వారం మరో హీరోయిన్ ఏడుస్తోంది! అదే జీర, అదే వెక్కు. ముఖాలు రెండు, గొంతు ఒక్కటే. ఆ గొంతు డబ్బింగ్ కళాకారిణిది.

అరువు గొంతు ఎందుకు?

భానుమతి, సావిత్రిల రోజుల్లో తెరమీద ముఖం ఎవరిదో మాటా వారిదే. తరువాత్తరువాత తెలుగు రాని నాయికలు ఎక్కువయ్యారు. సెట్లో ఎవరో పక్కనుంచి అందిస్తుంటే పెదవులు కదుపుతారు. దానికి తోడు జనరేటర్ హోరు, చుట్టూ జనం అరుపులు. అక్కడ రికార్డు చేసేది గుర్తు కోసమే. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. అసలు మాటలు షూటింగ్ అయ్యాక డబ్బింగ్ థియేటర్లో తెర చూస్తూ మళ్ళీ చెప్పాలి. తెలుగు వచ్చినవాళ్ళు తమ మాటలు తామే చెప్పుకుంటారు. రానివాళ్ళకు ఇంకొకరు చెబుతారు.

అద్దం ముందు పరీక్ష

"ఓస్, ఇంతేనా!" అనుకునేవాళ్ళు ఓసారి అద్దం ముందు నిలబడి "అమ్మ" అనండి. తరువాత "అక్క" అనండి. మొదటి మాటకు పెదవులు కలుస్తాయి, రెండోదానికి కలవవు. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే. తెరమీద నాయిక పెదవులు కలిసిన చోట ఈ అక్షరాలు పడకపోతే మాట ఒకచోట, మూతి ఒకచోట! కథలు రాసుకునే నేను నచ్చని మాట కొట్టేసి ఇంకోటి రాస్తాను, అడిగేవారు లేరు. డబ్బింగ్‌లో ఒక్క మాట మార్చాలన్నా ఆ పెదవులు ఒప్పుకోవాలి.

మాటలతో అయిపోయిందా అంటే అదీ లేదు. నిట్టూర్పు, వెక్కిళ్ళు, పరుగెత్తి వచ్చిన ఆయాసం, అన్నీ మైకు ముందు కదలకుండా నిలబడి పలికించాలి. పూర్వం సినిమాను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను తెరమీద తిప్పి తిప్పి వేసేవారు. వాటిని లూపులనేవారు. సీన్లో ఉన్నవాళ్ళంతా కలిసి చెప్పేవారు. ఒకరు తడబడితే అందరూ మళ్ళీ మొదటికి. ఇప్పుడు కంప్యూటర్లొచ్చి ఎవరి మాటలు వారు విడిగా చెప్పేసి వెళ్ళొచ్చు. కానీ ఎదురుగా మొగుడు లేకుండానే మొగుడితో పోట్లాడాలి! పురిటినొప్పుల కేకలైనా, బిడ్డ పోయిన తల్లి ఏడుపైనా ఒంటరిగా, చీకటి గదిలో. గొంతు బొంగురు పోయిందంటే ఆ రోజు పని పోయినట్టే.

పేరు దక్కినవారు

'భక్త ప్రహ్లాద' (1967)లో ప్రహ్లాదుడిగా మెప్పించిన రోజారమణి పెద్దయ్యాక ఎందరో నాయికలకు గొంతునిచ్చారు. 'మరోచరిత్ర' (1978) నాయిక సరితా అంతే. 'శ్రీరామరాజ్యం' (2011)లో నయనతార సీత అయితే, ఆ సీత మాటలు గాయని సునీతవి. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంత గొంతుగా మనం మురిసిపోయింది చిన్మయి గొంతు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారిణులకూ చోటిచ్చారు, సంతోషం.

ఇరవై మూడేళ్ళు

అందరికీ అలా దక్కలేదు. మన 'చంద్రముఖి' (2005) కథకు మూలం మలయాళ 'మణిచిత్రతాళు' (1993). అందులో నటించిన శోభనకు జాతీయ అవార్డు వచ్చింది. ఆమెకు గొంతునిచ్చింది భాగ్యలక్ష్మి అనే అందరూ చెప్పుకున్నారు. కానీ ఒళ్ళు జలదరింపజేసే నాగవల్లి మాటలు తమిళ డబ్బింగ్ కళాకారిణి దుర్గవి. ఆ సంగతి దర్శకుడు ఫాజిల్ బయటపెట్టింది 2016లో! ఇరవై మూడేళ్ళు తన గొంతును ఇంకొకరి పేరుతో మెచ్చుకుంటుంటే వినాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించండి. ఇంట్లో వండేది ఒకరు, పేరు ఇంకొకరిది కావడం మనకూ కొత్త కాదు కదా!

ఇప్పుడు కొత్త చిక్కులు

సావిత్రి జీవితంపై వచ్చిన 'మహానటి' (2018)లో కీర్తి సురేష్, సమంత తమ మాటలు తామే చెప్పుకున్నారు. నటి తన గొంతు తాను వినిపించుకోవడం న్యాయమే, కష్టపడి తెలుగు నేర్చుకుంటే మనకూ ముచ్చటే. కాకపోతే అలా ఒక్కో నాయిక నేర్చుకున్నప్పుడల్లా తెరవెనుక ఒక అమ్మాయికి ఒక పాత్ర తగ్గుతుంది.

ఇక కృత్రిమ మేధ మనిషి గొంతునే అచ్చు గుద్దేస్తోంది. 'లాల్ సలామ్' (2024) తమిళ చిత్రంలో ఏ.ఆర్. రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను ఇలాగే తిరిగి వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం కూడా ఇచ్చామని ఆయన చెప్పారు. పాటకు పాటించిన ఆ మర్యాద రేపు మాటకూ పాటిస్తారా? పేరే తెలియని గొంతయితే అనుమతి ఎవరిని అడుగుతారు? అందుకే పేరు ముఖ్యం.

ఈసారి సినిమా చూసేటప్పుడు టైటిల్స్‌లో 'డబ్బింగ్' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పేరుంటే చదివి, పిల్లలకూ చెప్పండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఆ ఏడుపుకి మనమూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే కదా!