రెండు రింగిట్ల రొట్టె

కొత్త ఊర్లో ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి నేను ఫోన్ తీయను. పొయ్యి దగ్గరికి పోయి రెండు నిమిషాలు ఊరికే నిలబడతాను. నూనె రంగు ఎలా ఉంది, చట్నీ గిన్నె ఎంత తొందరగా ఖాళీ అవుతోంది, పార్సిల్ కట్టించుకునేవాళ్లలో పనికి పోయేవాళ్లు ఎందరు, ఇవి చూస్తే చాలు. మాది చాగలమర్రిలో హైవే పక్కన టిఫిన్ అంగడి. కర్నూలు–కడప రోడ్డు మీద పోయే లారీలవాళ్లకు మా నాయన కాలం నుంచీ ఉగ్గాని బజ్జి, ఎర్రకారం దోసె అమ్ముతున్నాం. లారీ డ్రైవరుకు ఒకసారి కడుపు చెడిందంటే జన్మలో ఆ అంగడి ముందర బండి ఆపడు. కౌలాలంపూర్‌లో కూడా ఇదే లెక్క పనిచేసింది.

మా వైపు కుర్రాళ్లకు విదేశమంటే ముందు బ్యాంకాకే. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే నా స్నేహితుడికి మాత్రం కౌలాలంపూర్ దగ్గరి బటు కేవ్స్ గుహల సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. నాకేమో మలేషియా పరోటా చేసేవాళ్ల చెయ్యి చూడాలని. వీసా గొడవ లేదు. 2023 డిసెంబర్ 1 నుంచి మన పాస్‌పోర్టు మీద 30 రోజుల దాకా వీసా లేకుండా ఉండనిస్తున్నారు. ఈ వెసులుబాటును 2026 చివరి వరకు పొడిగించారు. అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల లోపల వాళ్ల ప్రభుత్వ సైట్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు, డబ్బులడిగే సైటు కనబడితే మూసేయండి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడింటి నుంచీ నేరుగా విమానాలున్నాయి. చాగలమర్రి వాళ్లకు మూడూ రాత్రి బస్సు దూరమే కాబట్టి ఎక్కడ టికెట్ చవకైతే అక్కడికి పోవచ్చు. చవక టికెట్ల మీద చేతిసంచి సాధారణంగా 7 కిలోలు దాటకూడదు. మా ఆవిడ కట్టిచ్చిన కారప్పొడి, నిమ్మకాయ ఊరగాయ అందుకే ఇంట్లోనే ఉండిపోయాయి.

రింగిట్ అంటే సుమారు 20 రూపాయలు, కాస్త అటూ ఇటూగా. విమానాశ్రయం నుంచి ఊర్లోకి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది, టికెట్ 55 రింగిట్లు. బస్సయితే గంట పడుతుంది, ఖర్చు అందులో నాలుగో వంతు. అరగంట మిగుల్చుకోవడానికి ఎనిమిది వందల రూపాయలు పోసేంత తొందర మాకేముంది? పడక పెటాలింగ్ స్ట్రీట్ దగ్గర, పాత చైనీస్ వీధుల్లో. ఒకే గదిలో రైలు బెర్తుల్లాగా పైనా కిందా మంచాలు, ఒక్కో మంచానికి అద్దె. విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను కూడా ఉంటుంది, అద్దెలో కలిపారో లేదో ముందే అడగాలి. అక్కడినుంచి పసార్ సెని రైల్వే స్టేషన్‌కి నడిచే దూరం. అంటే ఊరంతా కాళ్ల కిందే ఉన్నట్టు.

ఇక రొట్టె సంగతి. తమిళ ముస్లింలు నడిపే హోటళ్లను అక్కడ మామక్ అంటారు. చాలావరకు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్ దొరికేది అక్కడే. పిండి ఉండల్ని నూనెలో ముంచి గంటలకొద్దీ నాననిచ్చి వరసగా పేర్చిపెట్టుకుంటారు. మాస్టరు ఒక ఉండను స్టీలు బల్ల మీద అరచేత్తో అదిమి, అంచు పట్టుకుని గాల్లో తిప్పి బల్లకేసి కొడతాడు. మళ్లీ తిప్పి మళ్లీ కొడతాడు. నాలుగు దెబ్బలకే అది పాత పంచె గుడ్డంత పల్చనవుతుంది, కింద స్టీలు కనబడుతుంది. చినుగు పడదు. మన పరోటా అయితే కుచ్చులుగా మడిచి చుట్ట చుడతాం. ఇతను నాలుగు వైపులా మడిచి చదరంగా పెనం మీద వేస్తాడు. ఎర్రగా కాలాక రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొడితే పొరలు విచ్చుకుంటాయి. ఆ చప్పట్లు కొట్టనివాడి దగ్గర రొట్టె బిగుసుకుపోయి ఉంటుంది, తినొద్దు. పక్కన పప్పు, చేపల పులుసు పోస్తారు. ఏమీ కలపని రొట్టె కావాలంటే ‘కొసాంగ్’ అనాలి, గుడ్డు వేయాలంటే ‘తెలూర్’. సాదా రొట్టె రెండు రింగిట్ల చుట్టుపక్కలే. నేను మూడు తిని, మాస్టరు పక్కన నిలబడి ఇంకా చూస్తుంటే “అన్నా, పని కావాలా?” అన్నాడు తమిళంలో.

టీ కూడా చూసి తీరాలి. తేతారిక్ అంటే చిక్కటి తియ్యని డబ్బాపాలు కలిపిన టీని ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి చెయ్యి చాచినంత పైనుంచి పోస్తారు. నురగొస్తుంది, నాలుక కాలదు. మనకది పాయసంలా అనిపిస్తే ‘కురాంగ్ మనిస్’ అంటే తీపి తగ్గిస్తారు.

పొద్దున పూట అరిటాకులో పొట్లం కట్టిన నసి లెమాక్ తోపుడుబండ్ల మీద కూడా దొరుకుతుంది. కొబ్బరిపాలలో వండిన అన్నం, వేయించిన నెత్తళ్లు, వేరుశనగపప్పులు, దోసకాయ ముక్క, ఉడికిన గుడ్డు, పైన సాంబల్ కారం. రాయలసీమ నాలుకకు ఆ కారం పెద్ద లెక్క కాదు కానీ, అందులో సాధారణంగా పులియబెట్టిన రొయ్యల ముద్ద కలుపుతారు. శాకాహారులు ఈ సంగతి తెలుసుకోవాలి. ‘అయమ్’ అంటే కోడి, ‘ఇకాన్’ చేప, ‘సాయుర్’ కూరగాయలు. ‘డాగింగ్’ అని రాసుంటే చాలావరకు గొడ్డుమాంసమే. నసి లెమాక్, రోటీ చనాయ్, తేతారిక్ కలిసిన ఈ పొద్దుటి తిండి సంప్రదాయాన్ని యునెస్కో 2024లో తన జాబితాలో చేర్చింది. కొన్ని అంగళ్ల గోడ మీద ఎ, బి, సి అని శుభ్రతకు మునిసిపాలిటీ ఇచ్చిన గ్రేడు కాగితం ఉంటుంది. వంట ముట్టుకునేవాళ్లు టైఫాయిడ్ టీకా వేయించుకోవాలని చట్టమే ఉంది. మా దగ్గర అలాంటి గ్రేడు కాగితం పెడితే ముందు తిట్టుకునేది నేనే, తర్వాత బాగుపడేదీ నేనే.

బటు కేవ్స్‌కి ఊర్లోంచి లోకల్ రైలుంది, చివరి స్టేషన్ అదే. 272 మెట్లు, 2018లో రంగులు వేశారు. పెద్ద గుహకు టికెట్ లేదు. కోతులు మాత్రం అహోబిలం కోతులకేమీ తీసిపోవు, చేతిలో కవరు కనబడితే లాక్కుంటాయి. కింద 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి, 2006లో ఆవిష్కరించారు. నా స్నేహితుడు తలెత్తి చాలాసేపు చూసి, “ఏంబ్బా, ఇది కాంక్రీటు గదా! ఉలి పడిన చోటు ఒక్కటి లేదు” అన్నాడు. కాసేపాగి, “అయినా ఇంత ఎత్తులో మొహం కొలత తప్పలేదు సూడు, పనోళ్లే” అని ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం చేస్తుంటే పక్క బల్ల పెద్దాయన “ఏ ఊరు బాబూ మీది?” అని పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి తోటల్లో పనికి వచ్చాడట. బ్రిటిష్‌వాళ్ల కాలంలో రబ్బరు, కొబ్బరి తోటలకు అలా వచ్చినవాళ్ల పిల్లలే ఇక్కడి పాత తెలుగువాళ్లు. 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఆయన మాటలో యాస మనదే, మధ్యమధ్య మలయ్ మాటలు. “జలాన్ ఆలోర్‌కి పోతారా? పోండి, కానీ చేపని తూకం వేసేముందు ధర అడగండి. తర్వాత అడిగితే లాభం లేదు” అన్నాడు.

నిజమే. జలాన్ ఆలోర్ తిండి వీధి లైట్లు, పొగ చూడ్డానికి బాగుంటాయి. మెనూ పట్టుకుని దారికి అడ్డమొచ్చి పిలిచేవాడి అంగట్లో మాత్రం కూర్చోకండి. తిండి బాగున్న అంగడికి పిలిచే తీరిక ఉండదు. మేము అక్కడ సాతే పుల్లలు మాత్రం తిన్నాం. బొగ్గుల మీద కాల్చిన కోడిముక్కలు, నంజుకోవడానికి వేరుశనగ సాస్. చెనక్కాయల చట్నీ మీద పెరిగిన మాకు ఆ సాస్ తీపిగా తోచింది. అయినా గిన్నె ఖాళీ అయింది. కడుపు నిండా తినడానికి మాత్రం పెద్దాయన చెప్పిన కంపుంగ్ బారుకే పోయాం. పెట్రోనాస్ జంట భవనాలు కనుచూపు మేరలోనే ఉంటాయి, కింద మాత్రం పాత మలయ్ పల్లె ఇళ్లు, సాయంత్రం నుంచి వరసగా తిండి బండ్లు.

దురియన్ గురించి ఒక్క మాట. చూడ్డానికి పనసలాగే, ముళ్లు ఎక్కువ, వాసన ఇంకా ఎక్కువ. హోటళ్లలోకి, రైళ్లలోకి తేవద్దని బొమ్మ గీసి మరీ బోర్డులు పెడతారు. కాబట్టి బండి దగ్గరే నిలబడి తినాలి. ధర కిలోకి, తొక్కతో సహా తూస్తారు. రకాన్ని బట్టి రేటు రెండింతలు, మూడింతలు అవుతుంది. చిన్న కాయ కోయించుకుని ఇద్దరు పంచుకుంటే సరి. నా స్నేహితుడు ఒక తొన నోట్లో వేసుకుని, మిగతాదంతా నా వైపు తోశాడు.