ఉయ్యాల పాటలో వలయం

సామూహిక గానం మనుషుల్ని కలుపుతుందని మనం తరచూ రాస్తుంటాం. ఎలా కలుపుతుందో చెప్పం. మంచాల ప్రాంతంలో ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా 9 రోజులు ఆడే బతుకమ్మలో ఆ ‘ఎలా’ కొంత కనిపిస్తుంది.

ఒకామె చరణం అందిస్తుంది. తక్కినవాళ్లు ‘ఉయ్యాలో’ అంటూ చప్పట్లు చరిచి, వంగి లేచి, అడుగు వేస్తారు. ఆ పల్లవి సాగేలోపు చెప్పే ఆమెకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మరిచిన మాట గుర్తొస్తుంది, లేదా కొత్త మాట పుడుతుంది. అక్షరం రాని స్త్రీ కవయిత్రి అయ్యేది ఆ వ్యవధిలోనే. పాట రానివాళ్లకూ పల్లవి ఉంది కనుక, వలయంలో ఊరికే వినేవాళ్లుండరు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ తన అత్తింటి బాధను సీత మీద పెట్టి పాడుకోగలదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) ఇదే బాణీలో పోరాట పాటలు కట్టారంటే ఆశ్చర్యమేముంది?

అయితే వలయాన్ని చూసి మురిసిపోయే విమర్శకులు ఒకటి దాటవేస్తారు. ఎన్నో ఊళ్లలో దళిత స్త్రీల బతుకమ్మ వేరే చోటే ఆడింది. శాస్త్రీయ సంగీతంలోనూ ఇంతే: తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకే ఆరాధనలో పాడే హక్కు కోసం పోరాడవలసి వచ్చింది.

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు చాలాచోట్ల సౌండు బాక్సులే చరణం అందిస్తున్నాయి. రికార్డు ఎవరి కోసమూ ఆగదు.

మొన్న తరగతిలో ఉయ్యాల పాట చెప్పమంటే పిల్లలంతా రికార్డు పాటలే పాడారు. ఒక్క పిల్ల మాత్రం నాయనమ్మ పాట సగం చెప్పి ఆగింది. మిగతా సగం అడిగి రాసుకురమ్మన్నాను.