పాత కెమెరాకు కొత్త నేత్రం

ఆలేరుకు సమీపాన గల కొలనుపాక సోమేశ్వరాలయ ప్రాంగణంలోని శిల్పాలను, శాసనాలను చూచినవారికి ఒక చింత కలుగక మానదు. ఎండకు, వానకు రాతి మీది అక్షరం కూడ అరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా చెరగక ముందే ఉన్నదున్నట్లు చిత్రంలో భద్రపరచుట మన విధి.

ఈ విధిని మనకు నేర్పిన మహనీయుడు రాజా దీనదయాళ్ (1844–1905). ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అను బిరుదు లభించింది. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరినవి. అట్టి పెద్ద పలకలపై చిత్రించిన స్టాండు కెమెరా వంశానికి చెందినదే నేటి వ్యూ కెమెరా.

ఇందులో రెండు చట్రాలు, వాటిని కలిపే మడతల తిత్తి ఉంటాయి. ముందు చట్రంలో కటకం, వెనుక చట్రంలో గరుకు గాజు. నల్లగుడ్డ క్రింద తలదూర్చి, గాజుపై తలక్రిందులుగా పడే బింబాన్ని చూచి సరిచేయవలెను. సాధారణ కెమెరాను పైకెత్తి గోపురాన్ని తీస్తే అది వెనుకకు వాలినట్లు కనబడుతుంది. వ్యూ కెమెరాలో వెనుక చట్రాన్ని నిటారుగా నిలిపి, కటకాన్ని మాత్రం పైకి జరిపితే గోపురం నిటారుగానే నిలుస్తుంది.

ఫిలిం స్థానంలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరమే డిజిటల్ బ్యాక్. ఒకప్పుడు స్టూడియోలు ఎంతో వెలపెట్టి కొన్నవి నేడు అందులో స్వల్పభాగానికే లభిస్తున్నవి. అయితే ఈ రెంటినీ కలుపుటలో కొన్ని చిక్కులు కలవు.

మొదటిది పరిమాణం. ఫిలిం 4 అంగుళాలకు 5 అంగుళాలు. 2 కోట్ల 20 లక్షల బిందువుల పాత బ్యాక్ ఫలకం 36 మి.మీ.కు 48 మి.మీ. మాత్రమే, ఫిలిం వైశాల్యంలో ఏడవ వంతుకు మించదు. కటకాన్ని కదపక, నిలువుగా పెట్టిన బ్యాక్‌ను 30 మి.మీ. చొప్పున ప్రక్కకు జరుపుతూ మూడు చిత్రాలు తీసి అతికితే, 96 మి.మీ. వెడల్పుతో సుమారు 5 కోట్ల 70 లక్షల బిందువుల చిత్రం సిద్ధిస్తుంది.

రెండవది స్పష్టత. గరుకు గాజు, ఫలకం కటకానికి సరిగా ఒకే దూరంలో ఉండవలెను; వెంట్రుకవాసి తేడా వచ్చినా చిత్రం మసకబారుతుంది. ఫిలిముకు అలవాటైన ఎఫ్/32 రంధ్రం కాంతి వివర్తనం వలన సూక్ష్మవివరాలను చెరుపుతుంది, ఎఫ్/11 మేలు.

మూడవది రంగు. ప్రక్కకు జరిపినప్పుడు అంచులలో రంగు మారుతుంది. అదే అమరికలో కటకం ముందు పాలరంగు పలక ఉంచి మరొక చిత్రం తీసుకొని, దాని సాయంతో సరిదిద్దవలెను.

పాత బ్యాక్‌లు చీకటి మండపాలలో ఎక్కువసేపు తెరచి ఉంచితే చిత్రంలో నలుసులు కనబడతాయి. కొన్నింటికి పాత కంప్యూటరు, తీగలు కూడ తప్పవు. కాని శిల్పం కదలదు. ఓపిక గలవానికి ఈ లోపాలు అడ్డు కావు.

'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అందురు. ఇక్కడ మాత్రం పాతదాని నేర్పు, కొత్తదాని చూపు చేయి కలుపుకొన్నవి. ఇంటి అటకపై పాత కెమెరా ఉన్నచో విద్యార్థి మిత్రులు దానిని పారవేయరాదని, కళాశాల పెద్దలు ఇట్టి సాధనానికి చోటు కల్పించవలెనని నా మనవి. అక్షరం అరిగిన పిదప ఎంతటి పరికరమైనా దానిని చదువజాలదు.