ఫారంలో లేని గడి

వెబ్ ఫారంలో పేరు, ఈమెయిల్ అని రెండే గడులున్నా, సర్వర్‌కు మూడోది పంపకుండా ఎవరినీ ఆపలేం. 'అడ్మిన్' అనే గడిని సొంతంగా చేర్చి 'ట్రూ' అని పంపడం తెలిసినవాళ్లకు నిమిషం పని. వెబ్ అప్లికేషన్లు కట్టే రైల్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన పాత అప్లికేషన్లు వచ్చినదంతా ఒకే వరుస కోడ్‌తో రికార్డులోకి ఎక్కించేవి. రైల్స్‌కు పేరు తెచ్చిన ఆ సౌకర్యంలోనే కన్నమూ ఉంది.

2012 మార్చిలో రష్యా కుర్రాడు ఎగోర్ హోమకోవ్ ఆ కన్నాన్ని లోకానికి చూపించాడు. అతను ముందే హెచ్చరిస్తే, అది ప్రోగ్రామర్లు చూసుకోవాల్సిన సంగతి అని రైల్స్ బృందం అంది. అప్పుడతను, రైల్స్‌తోనే కట్టిన, రైల్స్ కోడ్ ఉండే గిట్‌హబ్‌లో, ఖాతాకు తాళంచెవి లాంటి పబ్లిక్ కీని చేర్చే ఫారానికి యూజర్ ఐడీ గడి చేర్చి, రైల్స్ బృందంలో ఒకరి నంబరు పెట్టాడు. కీ వాళ్ల ఖాతాకు చేరింది. దాంతో రైల్స్ సొంత కోడ్‌లోకే ఒక మార్పు (కమిట్) పంపాడు.

అప్పటిదాకా జాగ్రత్తపడే ప్రోగ్రామర్లు ఏ గడులు మార్చవచ్చో చెప్పే జాబితాను, రికార్డును చూసుకునే మోడల్‌లో రాసేవారు. కానీ ఒకే రికార్డులో మామూలు యూజర్ పేరు మాత్రమే మార్చాలి, అడ్మిన్ అయితే హోదాను కూడా మార్చవచ్చు. అడుగుతున్నది ఎవరో మోడల్‌కు తెలియదు, అభ్యర్థనను అందుకునే కంట్రోలర్‌కు తెలుసు. అందుకే 2013లో రైల్స్ 4 ఆ జాబితాను 'పర్మిట్' అనే పిలుపుగా కంట్రోలర్‌కు మార్చింది.

నాకు అద్భుతంగా తోచేది ఆ తర్వాతి ఏర్పాటు. అనుమతి ముద్రను డేటాయే తన వెంట మోసుకెళ్తుంది. ఆ ముద్ర ట్రూ లేదా ఫాల్స్, అంతే. 1849 నుంచి ఐర్లండ్‌లోని కార్క్‌లో గణితం బోధించిన జార్జ్ బూల్, తర్కాన్ని ఒకటి, సున్నాల బీజగణితంగా మార్చాడు. ఆయన బీజగణితంలోని ఒక్క విలువే ఇక్కడ కాపలా కాస్తుంది. రికార్డులో రాసేముందు మోడల్ "నీకు అనుమతి ఉందా?" అని అడుగుతుంది. ఫాల్స్ అయితే ఎర్రర్ విసిరి ఆగిపోతుంది. ఆ ప్రశ్నే అర్థంకాని మామూలు హ్యాష్ (పేరు-విలువల జతల పట్టీ) వస్తే, ప్రోగ్రామరే తయారుచేశాడని నమ్మి రానిస్తుంది.

చిక్కు ఆ నమ్మకంలోనే ఉంది. రైల్స్ 4లో ఫారం నుంచి వచ్చే డేటా, అంటే పారామీటర్లు కూడా హ్యాష్ వంశమే. కీల రూపం మార్చే 'సింబలైజ్ కీస్' లాంటి పిలుపు ఒకటి తగిలితే మామూలు హ్యాష్‌గా మారిపోయి, ముద్ర దారిలో రాలిపోయేది. 2016లో రైల్స్ 5 ఆ బంధుత్వాన్ని తెంచేసింది. పాత అప్లికేషన్‌ను అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఎన్నోచోట్ల కోడ్ విరగడానికి ఒక కారణం ఇదే.

విరిగినది కనిపిస్తుంది. రైల్స్ అప్లికేషన్ల ఎర్రర్లు పట్టే సేవలున్నాయి. అలాంటి పనిముట్లు విసిరిన ఎర్రర్‌ను పట్టగలవు. కానీ 'పర్మిట్' తన జాబితాలో లేని గడిని ప్రొడక్షన్‌లో చప్పుడు లేకుండా వదిలేస్తుంది. జాబితాలో 'ట్యాగ్స్' అని మాత్రమే రాస్తే, టిక్కు పెట్టిన పెట్టెల వరుస మొత్తం మాయమవుతుంది. వచ్చేది వరుస అని చెప్పడానికి పక్కన ఖాళీ చదరపు బ్రాకెట్లు పెట్టాలి. అవి లేకపోయినా సేవ్ అయిందనే సందేశం మాత్రం వస్తుంది.

అందుకని టెస్టుల్లో జాబితాలో లేని పారామీటర్ వస్తే ఎర్రర్ విసిరేలా సెట్టింగ్ మార్చి, ఒక్కో ఫారాన్నీ నడిపి చూడాలి. తొందరలో ఆశ్చర్యార్థకం తగిలించి 'పర్మిట్!' అని రాస్తే అన్నిటికీ ఒకేసారి ముద్ర పడుతుంది. హోమకోవ్ చూపించిన కన్నం మళ్లీ తెరుచుకుంటుంది.