పసివారి అన్నమునకు వెనుకనున్న ఒప్పందము

అంగన్‌వాడీ కేంద్రములో కూర్చున్న మూడేండ్ల బిడ్డ కంచములో మధ్యాహ్నము ఒక కోడిగ్రుడ్డు పడును. దానిని ప్రభుత్వము ఇచ్చినదని తల్లి చెప్పును; అంగన్‌వాడీ కార్యకర్తయు అదే చెప్పును. అది నిజమే. కాని స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు కోళ్ళను పెంచుట లేదు, గ్రుడ్లను బండ్లలో మోయుట లేదు. ఎవరో ఒకరు ఇంత ధరకు, ఇంత బరువుగల గ్రుడ్లను, ఇన్ని దినములలో చేర్తునని కాగితముపై సంతకము చేసి, వానిని గ్రామమునకు తెచ్చుచున్నారు. ఆ కాగితము పేరు ఒప్పందము.

పంచాయతీ సభ్యులకు కాంట్రాక్టు అను మాట క్రొత్త కాదు. రోడ్డు పనికి, మురుగు కాలువకు, మంచినీటి ట్యాంకుకు కాంట్రాక్టు ఎట్లు జరుగునో వారు బాగుగా ఎరుగుదురు. సిమెంటు తగ్గించి వేసినచో ఊరిలో పదిమంది అడుగుదురు. పిల్లల అన్నమునకు వెనుకను అట్టి కాంట్రాక్టే యున్నదని, దానికిని షరతులు, గడువులు, జరిమానాలు ఉన్నవని తెలిసినవారు మాత్రము తక్కువ. రోడ్డు కుంగినచో మరునాడే కనబడును. బిడ్డ ఎదుగుదల కుంగినచో కొన్ని నెలలకు గాని, ఒక్కొక్కప్పుడు కొన్ని యేండ్లకు గాని తెలియదు. అందుచేతనే ఈ విషయమును కొంత వివరముగా ముచ్చటింపవలసి యున్నది.

ప్రభుత్వము ఒప్పందము చేసికొను విధానము మొదట చూతము. రాజ్యాంగములోని 299వ అధికరణము ప్రకారము రాష్ట్రము తన కార్యనిర్వాహకాధికారముతో చేయు ఒప్పందము గవర్నరు పేరిట జరుగవలెను. అధికారము పొందిన ఉద్యోగి ఆయన పక్షమున సంతకము చేయును. అనగా ఆ సంతకము ఆ ఉద్యోగి సొంతము కాదు. అది రాష్ట్ర ప్రజల పక్షమున, అందులో మీ గ్రామములోని పసివారి పక్షమున గూడ, పడిన సంతకము.

అంతకు ముందు టెండరు ఉండును. ఏ వస్తువు, ఎంత, ఎట్టి నాణ్యతతో, ఎచ్చటికి, ఏ తేదీలకు కావలెనో శాఖవారు ప్రకటింతురు. సరఫరా చేయగోరువారు ధరావతు సొమ్ము కట్టి తమ ధరలను తెలుపుదురు. పూర్వము మూసిన కవరులలో పంపెడివారు. నేడు ఇది కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. అర్హతలు గలవారిలో తక్కువ ధర చెప్పినవారికి సాధారణముగా పని లభించును. ఇచ్చటనే జాగ్రత్త అవసరము. గిట్టుబాటు కాని ధరకు ఒప్పుకొన్న వ్యాపారి తన నష్టమును ఎక్కడనో ఒకచోట పూడ్చుకొనజూచును. బరువులో తగ్గించును, లేదా దూరముగానున్న శివారు పల్లెకు బండి పంపుట మానును. తక్కువ ధర ఖజానాకు లాభమే, కాని ఆ లాభమును చిట్టచివరి గూడెములోని బిడ్డ చెల్లించుచుండవచ్చును.

దేశములో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. అనుబంధ పోషకాహారము, పూర్వప్రాథమిక విద్య, టీకాలు, వైద్యపరీక్షలు, వైద్యశాలకు పంపుట, పోషణ ఆరోగ్య బోధన అను ఆరు సేవలు ఇందులో చేరినవి. వీనిలో అధిక ధనము వ్యయమగునది ఆహారమునకే. ధనము ఉన్నచోటికి గుత్తేదారులు వచ్చుట సహజము. 2001 లో రాజస్థానమునందు కరవు ఉండగా, ఆహార సంస్థ గిడ్డంగులలో ధాన్యము నిండియుండుటను చూపి, పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అను సంఘము సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసినది. ఆ వ్యాజ్యములో వెలువడిన ఉత్తరువులు అనేకము. వానిలో 2004 అక్టోబరు 7వ తేదీ నాటి ఉత్తరువు మనకు ముఖ్యము. అంగన్‌వాడీలకు పోషకాహార సరఫరాలో కాంట్రాక్టర్లను వినియోగింపరాదనియు, ధాన్యము కొనుటకును వండుటకును గ్రామసమాజములను, స్వయంసహాయక బృందములను, మహిళా మండలులను వినియోగించుట మేలనియు న్యాయస్థానము ఆదేశించినది.

ఈ ఉత్తరువునకు కారణము స్పష్టము. వంద గ్రామములకు ఒక్కడే సరఫరా చేసినచో అతడు ఏ గ్రామమునకును జవాబుదారి కాడు. వంట చేయు స్త్రీ బిడ్డయు ఆ పంక్తిలోనే కూర్చున్నచో ఆమెను వేరుగా తనిఖీ చేయవలసిన పని తగ్గును. అయినను ఆచరణలో అన్ని వస్తువులను గ్రామములోనే కొనుట జరుగుట లేదు. గ్రుడ్లు, పాలు, పొట్లములలో వచ్చు పిండి పెద్దమొత్తములలో కొని పంపబడుచున్నవి. ఉదాహరణకు, ఏడవ నెల మొదలు మూడేండ్లవరకు గల శిశువులకిచ్చు బాలామృతము నెలకు రెండున్నర కిలోల పొట్లముగా వచ్చును. దినమునకు 100 గ్రాముల చొప్పున 25 దినములకు అది సరిపోవును. ఇట్టి పిండిలో విటమినులను, ఖనిజ లవణములను సమపాళ్ళలో కలుపుటకు యంత్రములు, పరీక్షలు కావలెననియు, పల్లె స్త్రీలకు అది సాధ్యము కాదనియు కొందరు వాదింతురు. ఈ వాదములో కొంత బలము లేకపోలేదు. కాని కేరళ రాష్ట్రములో కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు చిన్నచిన్న కేంద్రములు పెట్టుకొని, గోధుమ, సెనగ, వేరుసెనగ, సోయా, చక్కెర కలిపి అమృతం అను పిండిని తయారుచేసి అంగన్‌వాడీలకు ఇచ్చుచున్నారు. అచ్చట సాధ్యమైనది ఇచ్చట ఎన్నటికిని సాధ్యము కాదనుట కష్టము.

పాఠశాలల సంగతి కొంత వేరు. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తరువుతో ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము తప్పనిసరి యైనది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2003 జనవరి నుండి ఇది అమలులోనికి వచ్చినది. గ్రామములలో వంటపని చాలవరకు స్వయంసహాయక బృందముల స్త్రీలకు అప్పగింపబడినది. 2024 లో మన రాష్ట్రమున ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది. లంకల గన్నవరములో ఆకలిగొన్నవారికి వేళకాని వేళలందును అన్నము పెట్టిన ఆ తల్లికి టెండరులతో పని లేకపోయినది. మనకు ఉన్నది, ఏలయన ఇది ఒకరి దానధర్మము కాదు, ప్రజలధనము.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఆ వంటచేయు స్త్రీలును ప్రభుత్వముతో ఒప్పుకొని పనిచేయువారే. బియ్యము ప్రభుత్వమే ఇచ్చును: ప్రాథమిక తరగతులలో బిడ్డకు దినమునకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతులలో 150 గ్రాములు. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, చింతపండు, వంటచెరకు లేదా గ్యాసు మాత్రము బృందమువారు ముందుగా తెచ్చుకొని వండవలెను. హాజరైన పిల్లల సంఖ్యనుబట్టి, తలకు ఇంత అని నిర్ణయించిన ధర ప్రకారము బిల్లు తరువాత వచ్చును. టమాటా ధర పెరిగిన వారములో ఆ నిర్ణయించిన ధర పెరుగదు. బిల్లు ఆలస్యమైనచో కిరాణా దుకాణములో అప్పు పెరుగును. దుకాణదారుడు ఒక నెల ఊరుకొనును, రెండు నెలలు ఊరుకొనును. మూడవ నెలలో పప్పు పలుచనగును, కూరలో ముక్కలు తగ్గును. ఆ బృందపు స్త్రీలు దొంగలు కారు. వారి చేతిలో పైకము లేదు. పెద్ద సరఫరాదారుడు ఆలస్యము చేసినచో అతనికి జరిమానా షరతు కలదు. చెల్లింపులో ఆలస్యమైనచో ఈ స్త్రీలకు వడ్డీ ఇచ్చు షరతు సాధారణముగా కనబడదు. ప్రభుత్వోద్యోగిగా ఈ మాట వ్రాయుట నాకు సుఖముగా లేదు గాని, పంచాయతీ సభ్యులకు దాచవలసిన సంగతియు కాదు. భోజనము బాగులేదని వంటశాలకు పోయి కేకలువేయుటకు ముందు, చివరి బిల్లు ఏ నెలదాక వచ్చినదని అడుగుట న్యాయము. రాలేదని తెలిసినచో మండల విద్యాధికారికి పంచాయతీ తీర్మానము పంపవచ్చును.

వంటవారి సంఖ్యకును నియమము కలదు. 25 మంది పిల్లలవరకు ఒకరు, 26 నుండి 100 వరకు ఇద్దరు, అటుపైన ప్రతి నూరుమందికి మరియొకరు. 120 మంది యున్న బడిలో ముగ్గురు ఉండవలెను. వారికి నెలకు 1000 రూపాయల గౌరవవేతనము కేంద్రపథకములో 2009 లో నిర్ణయింపబడినది. దానికి రాష్ట్రములు తమ వంతు చేర్చుచున్నవి.

పర్యవేక్షణ లేనిచోట ఏమి జరుగునో బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లా గండామన్ గ్రామము చూపినది. 2013 జులై 16వ తేదీన అచ్చటి పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. ఆ మందు డబ్బాలు మన పల్లెలలో ఒకప్పుడు అనేకమంది రైతుల ఇండ్లలో ఉండెడివే. ముందుగా పెద్దలు రుచిచూచిన పిమ్మటనే పిల్లలకు వడ్డింపవలెనను నియమము ఆ దినమున అచ్చట పాటింపబడియుండినచో అంతటి ఘోరము జరుగకపోయెడిది. మీ గ్రామములో ఆ రుచిచూచుట నిజముగా జరుగుచున్నదా, లేక పుస్తకములో సంతకము మాత్రము జరుగుచున్నదా అను సంగతి మధ్యాహ్నము బడికి పోయిననే గాని తెలియదు.

ఆహారము వెలుపలను ఇట్టి ఏర్పాట్లు కలవు. గర్భవతిని ప్రసవమునకు తీసికొనిపోవు 108 బండిని ప్రభుత్వోద్యోగులు నడుపుట లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ సేవను ప్రభుత్వధనముతో ఒప్పందము చేసికొన్న సంస్థ నడుపును. మన రాష్ట్రములో ఆ సంస్థలు మారినవి, పిలుచు సంఖ్య మారలేదు. ఆపదలోనున్న పిల్లలకై 1996 లో బొంబాయిలో పుట్టిన 1098 టెలిఫోను సేవ దీనికి భిన్నము. దానిని చాలాకాలము స్వచ్ఛంద సంస్థలే నడిపినవి. 2023 లో రాష్ట్ర ప్రభుత్వములు తమ చేతిలోనికి తీసికొన్నవి. కావున అప్పగించిన పనిని తిరిగి తీసికొనుటయు ప్రభుత్వము చేతిలోని పనియే.

ఇందులో పంచాయతీకి గల చోటు ఏది? రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో 25వ అంశము స్త్రీ శిశు అభివృద్ధి. టెండరు గ్రామములో జరుగదు, సరుకు మాత్రము గ్రామములో దిగును. 2011 లో కేంద్ర ప్రభుత్వము ఇచ్చిన ఉత్తరువు ప్రకారము ప్రతి అంగన్‌వాడీకి ఒక పర్యవేక్షణ సంఘము ఉండవలెను; దానికి పంచాయతీ వార్డు సభ్యులు, వీలైనంతవరకు మహిళా సభ్యురాలు, అధ్యక్షత వహింపవలెను. ఆ సంఘము మీ వార్డులో చివరిసారి ఎప్పుడు కూడినదో చూచుకొనుడు.

కూడినప్పుడు చేయవలసిన పని పెద్దది కాదు. ఒక త్రాసు చాలును. ఒప్పందములో గ్రుడ్డు బరువు 50 గ్రాములని యుండి, వచ్చినవి 40 గ్రాములవి యైనచో, ఐదు గ్రుడ్లకు రశీదు వ్రాసి నాలుగు గ్రుడ్ల సరుకు తీసికొన్నట్లు లెక్క. ఒప్పందములో ఎంత బరువు వ్రాసిరో తెలియదందురా? 2005 సమాచార హక్కు చట్టపు 2వ సెక్షనులో సమాచారము అను మాటకు ఇచ్చిన అర్థములో ఒప్పందములు స్పష్టముగా చేరియున్నవి. నకలు కోరి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి దరఖాస్తు ఇచ్చినచో 30 దినములలో సమాధానము రావలెను. వస్తువుల నమూనాలను ధ్రువీకరించి ఇమ్మని కోరు హక్కును ఆ చట్టములోనిదే.

బడిలో వంట ఆగినప్పటి సంగతి మరియొకటి. 2015 మధ్యాహ్న భోజన నియమముల ప్రకారము ధాన్యము లేకగాని, ధనము లేకగాని, వంటవారు లేకగాని భోజనము పెట్టని దినమునకు ప్రతి బిడ్డకును ఆహార భద్రతా భత్యము తరువాతి నెల 15వ తేదీలోగా చెల్లింపవలెను. వరుసగా మూడు బడిదినములు, లేదా నెలలో ఐదు దినములు వంట ఆగినచో బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయింపవలెను. భోజన నిధి తాత్కాలికముగా అయిపోయినచో బడిలోనున్న ఇతర నిధిని వాడి వంట సాగించుటకు ప్రధానోపాధ్యాయునకు అధికారము కలదు. ఈ చివరి సంగతి కొందరు ప్రధానోపాధ్యాయులకే తెలియదు. పాఠశాల యాజమాన్య సంఘపు సమావేశములో చదివి వినిపించుట మంచిది.

సరుకు బండి వచ్చినప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త ఇచ్చు రశీదే సరఫరాదారుని బిల్లునకు ఆధారము. కావున తేదీ, సంఖ్య, బరువు, పగిలినవాని లెక్క అన్నియు వ్రాసిన పిమ్మటనే సంతకము చేయుమని ఆమెకు చెప్పి, ఆ మాటకు పంచాయతీ అండగా నిలువవలెను. వ్రాయని రశీదుపై ముందుగానే సంతకము తీసికొనజూచు డ్రైవరులు లేకపోలేదు. ఒంటరిగానున్న ఆయమ్మ వారితో వాదింపలేదు. బండి వచ్చు దినము తెలిసికొని, ఒక సభ్యుడో సభ్యురాలో ఆ గంటసేపు అచ్చట ఉన్నచో చాలును.