డిసెంబరు 24న పుట్టిన గోల్ కీపర్

1920 డిసెంబరు 23న సింగరేణి కంపెనీ ఏర్పడింది. అందుకే ఏటా ఆ దినమున మన శ్రీరాంపూర్‌లో సందడి. 25న క్రిస్మస్. నడుమనున్న 24వ తేదీ పిండివంటలతో, చర్చి అలంకరణతో గడిచిపోతుంది. కాని ఆ దినమునకు కూడ చరిత్ర ఉన్నది.

1935 డిసెంబరు 24న హైదరాబాదులో పీటర్ తంగరాజ్ జన్మించారు. సైన్యములో చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టులో మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడారు. అది గోలు కొట్టే స్థానము, చప్పట్లు అందుకొనే స్థానము. తరువాత ఆయన గోల్ కీపర్ అయ్యారు. గోల్ కీపర్ ఆపిన బంతులను జనము మరచిపోతారు, వదిలిన ఒక్కదానిని మరువరు. అయినను ఆయన ఆ కావలిలోనే పేరు తెచ్చుకున్నారు. 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిపోయింది. ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకము తెచ్చింది. ఆనాడు గోలు ముందు నిలిచినది తంగరాజ్. శిక్షణ ఇచ్చినది హైదరాబాదువారే అయిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1967లో అర్జున అవార్డు పొందిన తంగరాజ్, 2008 నవంబరులో బొకారోలో కన్నుమూశారు.

ఇదే తేదీన మరికొన్ని సంగతులు జరిగాయి. 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అను చిన్న ఊరి చర్చిలో, నేడు లోకమంతా పాడే "సైలెంట్ నైట్" పాట మొదటిసారి గిటారుతో వినిపించింది. 1914లో యుద్ధకందకములలోని జర్మను, బ్రిటిషు సైనికులు తుపాకులు దించి పండుగ పాటలు పాడుకున్నారు. 1968లో అపోలో 8 వ్యోమగాములు ముగ్గురు చంద్రుని చుట్టు తిరుగుతూ ఆదికాండము మొదటి వచనములు చదివి వినిపించారు. వీరందరు ఆ రాత్రి ఇంటికి దూరముగా తమ స్థానములో ఉన్నవారే.

బేత్లెహేము కాపరులు కూడ రాత్రివేళ మందను కాచుకొనుచు ఉన్నవారే కదా! శుభవార్త ముందుగా వారికే అందింది.

మన కాలనీలో మాకు తెలిసిన ఒక బాబు పుట్టినరోజు కూడ డిసెంబరు 24. ఒక సంవత్సరము తండ్రికి ఆనాడు నైట్ షిఫ్టు పడింది. "నాయిన లేకుండ కేకు కొయ్యను" అని వాడు ఏడ్చాడు. తల్లి కోప్పడలేదు. బాయిలో నీళ్లు తోడే పంపులు, గాలినిచ్చే ఫ్యాను పండుగని ఆగవని, నాయిన మెలకువగా ఉంటేనే నలుగురు క్షేమముగా పైకి వస్తారని చెప్పింది. తెల్లవారి తండ్రి వచ్చి స్నానము చేసిన తరువాతనే కేకు కోశారు. తరువాత అందరు కలిసి ఆరాధనకు వచ్చారు.

ఈ డిసెంబరు 24 రాత్రి మనము పాటలు పాడునప్పుడు డ్యూటీలో ఉన్నవారి పేర్లు కూడ ప్రార్థనలో తలచుకుందాము. వారికొరకు ఇంట ఒక గిన్నె పాయసము మూతపెట్టి ఉంచుదాము.