డాకర్ డెస్క్‌టాప్ అందరికీ ఫ్రీ కాదు.. మరి లాప్‌టాప్‌లో ఏది వేసుకోవాలి?

అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సులో చేరినా, ఇంట్లోనే సొంతంగా నేర్చుకుంటున్నా, చాలామంది మొదట వేసుకునేది డాకర్ డెస్క్‌టాప్. డౌన్‌లోడ్‌కు డబ్బులు అడగదు కాబట్టి పూర్తిగా ఫ్రీ అనుకుంటారు. కానీ ఎవరు, ఏ పనికి వాడుతున్నారన్న దాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

కంటైనర్ అంటే?

ఒక ప్రోగ్రామ్‌ను, అది నడవడానికి కావాల్సిన లైబ్రరీలు, సెట్టింగులతో సహా ఒకే మూటగా కడితే అదే కంటైనర్. ఊరెళ్తూ అన్నం, కూర, పచ్చడి టిఫిన్ క్యారియర్‌లో సర్దుకుంటే ఎక్కడ విప్పినా అదే భోజనం కదా! ఇదీ అంతే. "నా సిస్టమ్‌లో నడిచింది, ఆఫీసులో నడవట్లేదు" అనే తిప్పలు చాలావరకు తగ్గుతాయి. సాధారణంగా వాడే కంటైనర్లకు లినక్స్ కావాలి. అందుకే విండోస్, మ్యాక్‌లలో ఈ టూల్స్ వెనకాల ఒక చిన్న లినక్స్‌ను నడుపుతాయి. ర్యామ్ ఖర్చయ్యేది అక్కడే.

షరతు ఎక్కడుంది?

డాకర్ కంపెనీ 2021 ఆగస్టులో నిబంధనలు మార్చింది. పాత పద్ధతిలో వాడుకునే గడువు 2022 జనవరి 31తో ముగిసింది. విద్యార్థులకు, సొంతంగా నేర్చుకునేవారికి ఇప్పటికీ ఉచితమే. చిన్న కంపెనీలకూ ఉచితమే. అయితే ఉద్యోగులు 250 మంది కంటే తక్కువ ఉండాలి, ఏడాది ఆదాయం కోటి డాలర్ల లోపే ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిందే. ప్రభుత్వ సంస్థలకూ ఇదే వర్తిస్తుంది.

చిక్కు వచ్చేది ఇక్కడే. కోర్సు పూర్తయి పెద్ద కంపెనీలో చేరిన కుర్రాడు, అలవాటుగా ఆఫీసు పనికీ అదే వాడేస్తాడు. లాప్‌టాప్ తనదే అయినా పని కంపెనీది. కాబట్టి అది సొంత వాడకం కిందకు రాదు.

షరతుల్లేనివి ఏవి?

పాడ్‌మ్యాన్ డెస్క్‌టాప్: రెడ్ హ్యాట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్. 1.0 వెర్షన్ 2023 మేలో వచ్చింది. కంపెనీ ఎంత పెద్దదైనా లైసెన్సు ఫీజు లేదు. చాలా కమాండ్లలో డాకర్ అన్న చోట పాడ్‌మ్యాన్ అని రాస్తే సరిపోతుంది. కంపోజ్ వాడాలంటే మాత్రం విడిగా సెటప్ చేసుకోవాలి.

రాంచర్ డెస్క్‌టాప్: సూసే సంస్థది. ఇదీ ఓపెన్ సోర్సే. కుబెర్నెటీస్ ఇందులోనే వస్తుంది. సెట్టింగ్స్‌లో మోబీ ఎంచుకుంటే డాకర్ కమాండ్లు యథాతథంగా పనిచేస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉండాలన్నది సంస్థ సూచన. కుబెర్నెటీస్ అవసరం లేనప్పుడు ఆపేస్తే భారం తగ్గుతుంది.

లినక్స్ వాడేవారికి వీటిలో ఏదీ తప్పనిసరి కాదు. డాకర్ ఇంజిన్ ఒక్కటి చాలు, అది ఉచితం.

ఎవరికి ఏది?

కోర్సులో ఉన్నవారు క్లాసులో చెప్పే డాకర్ డెస్క్‌టాప్‌తోనే మొదలుపెట్టొచ్చు. కుబెర్నెటీస్ నేర్చుకోవాలంటే రాంచర్ సులువు. పెద్ద కంపెనీలో లైసెన్సు లేకపోతే పాడ్‌మ్యాన్ గానీ రాంచర్ గానీ మేలు. అయినా ఆఫీసు సిస్టమ్‌లో ఏది వేసేముందైనా ఐటీ విభాగాన్ని ఒక మాట అడగాలి. ర్యామ్ తక్కువున్న లాప్‌టాప్‌లో రెండు టూల్స్ ఒకేసారి నడపకపోవడం మంచిది.

టూల్ మారితే నేర్చుకున్నది వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు. కంటైనర్ ఇమేజ్‌లకు అందరూ పాటించే ప్రమాణం ఒకటే. ఒకదానిలో కట్టిన మూటను మరోదానిలో విప్పుకోవచ్చు.